కుర్చీ సీను

మా థియేటరులో సినిమా ఆడుతుందో పోతుందో మేనేజరు కన్నా ముందు సీట్ల మేస్త్రీకి తెలిసేది. ప్రేమ సినిమా అయితే సీట్లు భద్రంగా ఉంటాయి. ఏడుపు సినిమా అయితే చేతులానించే చోట రెక్సిను గోళ్ళతో గీరి ఉంటుంది. పోలీసు సినిమా వచ్చిందా, ఇక మేస్త్రీకి ఊపిరాడదు. సీటెక్కి గెంతేవాళ్ళు, ముందు సీటుని తన్నేవాళ్ళు, ఆవేశం పట్టలేక స్పాంజి పీకి గాల్లోకి విసిరేవాళ్ళు. తెర మీద హీరో దొంగని కుమ్ముతుంటే మనవాళ్ళు కింద కుర్చీని కుమ్ముతారు. "ఏమయ్యా మేస్త్రీ, ఆ కుర్చీ చేసిన నేరమేంటి?" అని ఓసారి అడిగాను. "చేతికి దొరికింది కదక్కా, అదే నేరం" అన్నాడు నవ్వుతూ.

నేను ఆ థియేటరు క్యాంటీనులో టీ, పాప్‌కార్న్ అమ్ముతాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంట. నాకు అంత ఊరు అక్కర్లేదు, ఈ కౌంటరు చాలు. కానీ మేస్త్రీ సంగతి చెప్పాలంటే మాత్రం నాకు కుదురుగా రాదు. తిట్టాల్సిన చోట ఏడుపొస్తుంది, ఏడవాల్సిన చోట ఒళ్ళు మండుతుంది.

మేస్త్రీది బక్క ప్రాణం. మీసం మాత్రం మనిషికి రెండింతలు. కాలరుకి ఎప్పుడూ ఒక దబ్బనం గుచ్చి ఉండేది. అతనితో పాటు పనిచేసేది అతని బామ్మర్ది, అంటే పెళ్ళాం తమ్ముడు. పెళ్ళాం పిల్లలున్న మనిషే, అయినా బావ మాట వేదవాక్కు. సీటు వీపు కుట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ముందువైపు మేస్త్రీ కూర్చుని దబ్బనం గుచ్చితే, వెనకవైపు నేల మీద కూర్చున్న బామ్మర్ది దాన్ని అందుకుని, దారం బిగలాగి, మళ్ళీ ఇటు గుచ్చేవాడు. అలా అటూ ఇటూ. మధ్యలో మందపాటి సీటు, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. అందుకేనేమో, ముఖాముఖి చెప్పుకోలేనివన్నీ వాళ్ళు ఆ సీటు అడ్డం పెట్టుకుని చెప్పుకునేవారు. దబ్బనం తిరిగి రావడం ఆలస్యమైతే చాలు, "ఏంట్రా, ఏదో నమిలి మింగుతున్నావ్, కక్కు" అనేవాడు మేస్త్రీ. అప్పట్లో తనకి పెళ్ళి చేసుకోవాలని ఉందన్న సంగతి కూడా బామ్మర్ది అలా చెప్పినదే.

ఇంతలో ఆ పోలీసు సినిమా వచ్చింది. మొదటి ఆట వదిలేసరికి గేటు దగ్గర కెమెరాలు, మైకులు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అన్నట్టు, ఎవరో సినిమా తీస్తే వీళ్ళకి నిద్రలుండవు. వాళ్ళలో ఒక మైకమ్మాయి ఉండేది. గలగలా మాట్లాడుతుంది, చెడ్డపిల్లేం కాదు. బయటకొచ్చిన ప్రతివాడి మూతి దగ్గరా మైకు పెడుతోంది.

"ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ కేక, క్లైమాక్స్ అరాచకం!" అన్నాడొకడు, చొక్కా గుండీలు తెగిపోయి ఉన్నాయి.

"ఇలాంటి పోలీసు ఒక్కడుంటే చాలండీ, ఊరు బాగుపడుతుంది. ఫ్యామిలీతో చూడొచ్చు." ఈ మాటన్నది టై కట్టుకున్న పెద్దమనిషి. చంకలో పసిపిల్ల నిద్రపోతోంది.

"మ్యూజిక్కి నా చెవులు పోయాయమ్మా, అయినా బాగుంది" అంది ఒక ముసలమ్మ.

టికెట్లు చించే గేటు తాతని కూడా అడిగింది. "అడ్డమైనవాణ్ణల్లా ఆయనే కొట్టేసి ఆయనే కాల్చేస్తే ఇక కోర్టులెందుకు? మూసేసి గోడౌన్లకి అద్దెకివ్వండి" అన్నాడు తాత. ఆ ముక్క వాళ్ళు వేసుకోలేదు.

అందరూ మెచ్చుకున్నది కుర్చీ సీను. హీరో దొంగ అరచేతిని నేల మీద పరిచి, దాని మీద ఇనప కుర్చీ కాలు పెట్టి, ఆ కుర్చీలో తను కూర్చుంటాడు. కాలు మీద కాలు వేసుకుని నింపాదిగా టీ తాగుతాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి దొంగ మొత్తం కక్కేస్తాడు. ఆ సీను వచ్చిందంటే విజిళ్ళకి నా కౌంటరు మీద గ్లాసులు మోగేవి.

మైకమ్మాయి మేస్త్రీ మీసం చూసి ఆగిపోయింది. "బాబాయ్, మీరు చెప్పండి!"

మేస్త్రీకి ఒకసారి చెబితే చాలు. "ఆ కుర్చీ సీనుకే టికెట్టు గిట్టుబాటైపోయింది తల్లీ! ఇన్నేళ్ళుగా కుర్చీలు కుడుతున్నా, కుర్చీకి ఇంత పనుందని నాకే తెలీదు! దొంగ నాయాళ్ళకి అదే మందు. విచారణలేంటి, వాయిదాలేంటి? చేతి మీద కుర్చీ వెయ్యి, కూర్చో, టీ తాగు. టీ అయ్యేలోపు నిజం కక్కుతాడు!"

"సూపర్ బాబాయ్! ఇంకోసారి, ఈసారి మీసం తిప్పి!"

మీసం తిప్పి మళ్ళీ చెప్పాడు. చివర్లో నా కౌంటరు మీది గ్లాసు లాక్కుని, ఇంత టీ తాగి, కెమెరా కేసి కన్ను కొట్టాడు. పక్కనే బామ్మర్ది పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

ఆ వీడియోని లక్షలమంది చూశారు. మేస్త్రీ పేరే మారిపోయి కుర్చీ బాబాయ్ అయ్యాడు. అతనితో ఫొటో దిగాకే జనం లోపలికెళ్ళేవారు. గుంపుని అదుపు చెయ్యడానికొచ్చిన పోలీసులు సైతం దూరంనుంచే గ్లాసెత్తినట్టు చెయ్యెత్తి, "ఏం మేస్త్రీ, టీ తాగుదామా?" అనేవారు. అతను ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు. "చూశావా అక్కా, పోలీసంటే అందరికీ హడల్, నాకు మాత్రం చుట్టాలు" అన్నాడోసారి. "చుట్టరికం సంగతి అవసరం పడ్డప్పుడు తెలుస్తుందిలే" అన్నాను. నవ్వేశాడు.

ఒక ఆటలో ఎవరిదో చేతి గొలుసు పోయింది. బంగారందే. కుర్చీ సీనులో సీటెక్కి గెంతిన మనిషే, దిగాక చూసుకుంటే గొలుసు లేదు. వెళ్ళి స్టేషన్లో చెప్పాడు. సీట్లు విప్పేదీ బిగించేదీ ఎవరని వాళ్ళడిగితే, మేనేజరు ఈ బావా బామ్మర్దులని చూపించాడు. నిజానికి సీట్లలో దొరికిన దువ్వెనలూ, తాళాలూ, ఫోన్లూ వీళ్ళు తెచ్చి నా కౌంటరులోనే పెట్టేవారు. అడిగితే నేను చెప్పేదాన్ని. నన్నెవరడిగారు?

మధ్యాహ్నం ఆటకి ముందు ఒక కానిస్టేబులు వచ్చాడు. "ఇన్‌స్పెక్టరుగారు రెండు మాటలడుగుతారంట. మీలో ఒకరు రండి" అన్నాడు.

బాల్కనీలో ఒక వరస మొత్తం విప్పి ఉంది, ఆట మొదలయ్యేలోపు బిగించాలి. బామ్మర్ది ముఖం పాలిపోయింది. "బావా, నువ్వే వెళ్ళకూడదా? నాకు వాళ్ళతో మాట్లాడటం రాదు."

"ఓరి పిచ్చి సన్నాసీ! తప్పు చెయ్యనోడికి పోలీసంటే భయమెందుకురా?" అని మేస్త్రీ అతని భుజం మీద చరిచాడు. "వెళ్ళగానే నా సంగతి చెప్పు. కుర్చీ బాబాయ్ బామ్మర్దినని చెప్పు. నవ్వి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి పంపిస్తారు."

బామ్మర్ది నా దగ్గరికొచ్చి టీ తీసుకున్నాడు. కుడి చేత్తో గ్లాసు పట్టుకుని, ఎడం చేత్తో కాలరు సర్దుకున్నాడు. ఆ కుడి చెయ్యి నాకిప్పటికీ కళ్ళ ముందుంది. గోళ్ళ కింద జిగురు, చూపుడువేలికి దారం కోసిన గీత. "వచ్చాక ఇంకోటి తాగుతా అక్కా" అని గ్లాసు పెట్టి వెళ్ళాడు.

సాయంత్రమైనా రాలేదు. మేస్త్రీ స్టేషనుకి పరిగెత్తితే, "వస్తాడులే, వెళ్ళు" అని గుమ్మంలోంచే పంపేశారు. కుర్చీ బాబాయ్‌నని చెప్పినా లోపలికి రానివ్వలేదు. మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వసారాలో బల్ల మీద పడుకుని ఉన్నాడు, కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. అరచేతిలో ఎముకలు పిండి అయ్యాయి, వేళ్ళిక ముడుచుకోవని డాక్టరు చెప్పింది. జీపు తలుపులో చెయ్యి పడిందని స్టేషనువాళ్ళు కాగితం రాసి, అతనిచేత ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు.

మేస్త్రీ పెళ్ళాం మొగుడి గుండెల మీద గుద్దింది. "టీ ఇస్తారన్నావు కదా! ఇదేనా ఇచ్చింది?" అని అరిచింది. మేస్త్రీ గుద్దులు తింటూ నిలబడ్డాడు. బామ్మర్ది మాత్రం, "జీపు తలుపు పడిందక్కా. బావనేమీ అనకు" అన్నాడు. ఆ తరవాత ఎవరేమడిగినా అదే మాట.

కట్టు మార్చేటప్పుడు మేస్త్రీ చూశాడు. అరచేతి వెనక గుండ్రటి గుర్తు, చుట్టూ నల్లగా, మధ్యలో లోతుగా. జన్మంతా కుర్చీలతో బతికినవాడికి ఆ గుర్తేంటో ఒకరు చెప్పాలా? నా దగ్గరికొచ్చి కౌంటరు పట్టుకుని, "కుర్చీ కాలక్కా. తొడుగు ఊడిపోయిన ఇనప కాలు" అన్నాడు.  

గొలుసు వారం తిరక్కుండానే దొరికింది. దొరికింది మేస్త్రీకే. చిరిగిన సీటు విప్పితే, స్పాంజికీ చెక్కకీ మధ్య స్ప్రింగుకి చిక్కుకుని ఉంది. గెంతినప్పుడు జారి చిరుగులో పడిందన్నమాట. మేనేజరునీ, గేటు తాతనీ, నన్నూ పిలిచి, మా అందరి ముందే బయటికి తీశాడు. పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టి, "మావాడి చెయ్యెవరిస్తారు సార్?" అని అడిగాడు.

ఇన్‌స్పెక్టరు గొలుసు కేసి చూసి, "దొరికిందిగా, మంచిదే" అన్నాడట. "చెయ్యంటావా, జీపు తలుపని మీవాడే చెప్పాడు. కాదని వాణ్ణి చెప్పమను, చూద్దాం."

గేటు తాతకి తెలిసిన ఒక లాయరమ్మ ఉంది. స్టేషన్లలో దెబ్బలు తిన్నవాళ్ళ కేసులు చూస్తుంది. ఆమె అంతా విని ఒకే మాట చెప్పింది. "స్టేషన్లో దెబ్బ తగిలింది కాబట్టి పైనుంచి విచారణాధికారి వస్తున్నారు. గొలుసు దొరకడం మనకి మంచిదే. కానీ ఏం జరిగిందో మీ బామ్మర్ది తన నోటితో తనే చెప్పాలి. అధికారి వచ్చేలోపు చెప్పకపోతే జీపు తలుపే ఖాయమవుతుంది, ఇక ఎవరూ తిరగదోడరు."

ఆనాటి నుంచి మేస్త్రీకి అదే జపం. తమ్ముడూ అని బతిమాలాడు, ఒట్టు పెట్టాడు, తిట్టాడు. "మీసమున్న మగాడివేనా నువ్వు? నీ చెయ్యి విరిచినోడు కులాసాగా తిరుగుతుంటే జీపు తలుపంటావా? పిరికి సన్నాసీ!" అని నా ఎదురుగానే అరిచాడు. బామ్మర్ది తల వంచుకుని అన్నీ విన్నాడు. కోపం రాలేదతనికి. అదే నాకు వింతగా తోచింది. భయపడినవాడి చూపు నేల మీదుంటుంది. ఇతను మాత్రం ఉండుండి బావ ముఖం కేసి చూసేవాడు, జబ్బుమనిషిని చూసినట్టు.

సినిమా ఇంకా ఆడుతూనే ఉంది. కుర్చీ సీను వేళకి మేస్త్రీ హాల్లో ఉండలేక నా కౌంటరు దగ్గరికొచ్చి రెండు చెవులూ మూసుకునేవాడు. తలుపులు వేసినా విజిళ్ళు ఆగుతాయా? బయటకొచ్చిన జనం అతన్ని చూసి, "కుర్చీ బాబాయ్, ఒక్కసారి ఆ డైలాగ్!" అని చుట్టుముట్టేవారు. ఒకడు ఏకంగా గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. నేను కౌంటరు దాటి వెళ్ళి, "మీకు బామ్మర్దులు లేరట్రా? పోండి అవతలికి!" అని తరిమాను. వాళ్ళకేం అర్థమవుతుంది పాపం, ఈవిడకి పిచ్చి పట్టిందనుకుని పోయారు.

మైకమ్మాయిని కూడా అడిగాడు మేస్త్రీ. "ఆ వీడియో తీసెయ్యి తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా." ఆ పిల్ల బిక్కముఖం వేసింది. "మాది తీసేస్తా బాబాయ్. కానీ ఎంతమంది దింపుకుని పెట్టుకున్నారో నాకేం తెలుసు?" కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనలేదు.

అధికారి వచ్చే రోజు దగ్గరపడింది. ఆ పొద్దున, ఇంకా ఆటలు మొదలవకముందు, బామ్మర్ది థియేటరుకి వచ్చాడు. చెయ్యి విరిగాక రావడం అదే మొదలు. ఎవరూ పిలవలేదు. నేను టీ తీసుకుని లోపలికి వెళ్ళేసరికి, ఖాళీ హాల్లో మేస్త్రీ ఒక సీటు ముందు కూర్చుని ఒక్కడే దబ్బనం గుచ్చుతూ, లేచి వెనక్కెళ్ళి లాగుతూ, మళ్ళీ ముందుకొచ్చి కూర్చుంటూ నానా అవస్థా పడుతున్నాడు. బామ్మర్ది ఏమీ అనకుండా వెళ్ళి సీటు వెనక నేల మీద కూర్చున్నాడు. "గుచ్చు బావా" అన్నాడు.

మేస్త్రీ గుచ్చాడు. అవతల ఎడమచెయ్యి తడుముకుని దబ్బనాన్ని అందుకుంది. దారం బిగించడానికి పళ్ళతో పట్టుకుని లాగుతున్నాడు. అలా రెండు కుట్లు పడ్డాయి. మూడోసారి వెళ్ళిన దబ్బనం తిరిగి రాలేదు.

మేస్త్రీ ఆగి, ఎప్పటిలాగే అన్నాడు, "ఏంట్రా, ఏదో నమిలి మింగుతున్నావ్. కక్కు."



"నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను బావా" అన్నాడు బామ్మర్ది. "నీ బామ్మర్దినని చెప్పాను. నిజంగానే నవ్వారు. కుర్చీ వేశారు, కూర్చోమన్నారు."

తెచ్చిన టీ గ్లాసుని పక్క సీటు మీద పెట్టేశాను.

"ఇన్‌స్పెక్టరు ఫోను తీసి నీ వీడియో పెట్టాడు. అందరూ చూశారు, నన్నూ చూడమన్నారు. నేను కూడా నవ్వాను బావా, నువ్వు కన్ను కొట్టావు కదా, అక్కడ. అప్పుడు నన్ను లేవమన్నాడు. మీ బావకి ఇష్టమైన సీనే చేద్దాం అన్నాడు. టీ తెప్పించారు. అది అయ్యేదాకా..." దారాన్ని పళ్ళతో లాగాడు. మళ్ళీ అన్నాడు, "నేను కక్కడానికి ఏమీ లేదు కదా. ఇంకో టీ తెప్పించారు."

మేస్త్రీ రెండు చేతులూ సీటుకి ఆనించి అలాగే ఉన్నాడు.

"చెబితే ఇదంతా చెప్పాలి బావా. నీ సంగతి రాకుండా చెప్పడం నాకు కుదరడం లేదు, ఎంత ఆలోచించినా. అక్క నిన్ను ఇంట్లో ఉండనిస్తుందా? అందుకే జీపు తలుపన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. చెప్పమంటావా, వద్దా?"

  ఆ క్షణంలో వద్దని మేస్త్రీ అనుంటే నేనతన్ని జన్మలో క్షమించేదాన్ని కాదు. అలాగని, చెప్పమనడానికి ఆ మనిషికి ఎంత గుండె కావాలో కూడా నాకు తెలుసు.

మేస్త్రీ లేచి సీటు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాడు. బామ్మర్ది పక్కన నేల మీద చతికిలబడి, ఆ పనికిరాని చేతిని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెప్పు" అన్నాడు. "మొదట నా సంగతే రాయించు. నేనే పంపించానని రాయించు." ఆపైన పసిపిల్లాడిలా బావురుమన్నాడు. బామ్మర్ది అతని వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం లాయరమ్మ గదికి వెళ్ళాం. స్టేషనుకి వెళ్ళేటప్పటికి ఆ చెయ్యి బాగానే ఉందని చెప్పడానికి నేను కూడా వెళ్ళాను. బామ్మర్ది మొదటినుంచీ చెప్పుకొచ్చాడు, ఏదీ వదల్లేదు. లాయరమ్మ రాసుకుంది. వీడియో దగ్గరికి వచ్చేసరికి, "అది నేను చూడాలి. విచారణలో అధికారి ముందు కూడా వేస్తారు. ముందే తెలిసి ఉండటం మంచిది" అని తన ఫోనులో వెతికింది. మైకమ్మాయి తీసేసిందన్నది పదిచోట్ల దొరికింది.

చిన్న గది. మేస్త్రీ గొంతు ఆ గదంతా నిండింది. "కుర్చీకి ఇంత పనుందని నాకే తెలీదు!" వెనక జనం నవ్వులు, వాటిలో బామ్మర్ది నవ్వు కూడా. మేస్త్రీ తల ఎత్తి మొత్తం చూస్తున్నాడు. చూసి తీరాలని వచ్చినట్టున్నాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి. చేతి మీద కుర్చీ వెయ్యి అన్న మాట రాబోతోందని మాకందరికీ తెలుసు.

ఆ మాట రాకముందే బామ్మర్ది ఎడమచెయ్యి చాచి ఫోనుని బల్ల మీద బోర్లించేశాడు.

"చాలమ్మా, ఆపండి" అన్నాడు. "మా బావ అలాంటోడు కాదండీ. సినిమా చూసి అన్నాడంతే."